రేగడి, ఇసుక, నీళ్లు: ఆఫ్‌రోడ్ బండికి వచ్చే జబ్బులను గుర్తించి బాగుచేసుకునే పద్ధతి

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఆఫ్‌రోడ్ బండి నడిపేవారికి నేల ఒక తీరుగా ఉండదు. కృష్ణ ఒడ్డున సన్న ఇసుక, కొండపల్లి, కొండవీడు వైపు రాళ్లు తేలిన బాటలు, గుంటూరు దాటాక మిరప చేల మధ్య నల్లరేగడి, బాపట్ల మీదుగా సూర్యలంకకు వెళ్తే ఉప్పుగాలి. ఈ నాలుగూ బండిని నాలుగు రకాలుగా పాడుచేస్తాయి. ఇసుక బ్రేకు ప్యాడ్లనూ చైన్‌నూ అరగదీస్తుంది; రాయి రిమ్మునూ ట్యూబునూ దెబ్బతీస్తుంది; రేగడి చక్రానికీ, చైన్‌ను తిప్పే పళ్లచక్రం స్ప్రాకెట్‌కూ పట్టుకుని గట్టిపడుతుంది; ఉప్పు వైరింగు కనెక్టర్లలో పచ్చటి చిలుము పట్టిస్తుంది. అందువల్ల బండి ఆగిపోయినప్పుడు స్పానర్ అందుకునే ముందు, ఆ రోజు అది ఏ నేల మీద నడిచిందో, ఎక్కడ పడిందో, ఎంత నీటిలోకి దిగిందో గుర్తుచేసుకుంటే వెతుకులాట చాలావరకు తగ్గుతుంది.

ఇంజను లోపల ఏదో విరిగి దారిలో ఆగిపోయే బండ్లు తక్కువ. బయటి నుంచి చేరిన దుమ్ము, నీరు, మట్టి వల్లా, గతుకులకు వదులైన బోల్టులూ వైర్ల వల్లా ఆగేవే ఎక్కువ. కనుక పరీక్ష ఎప్పుడూ బయటి నుంచి లోపలికి, ఖర్చు లేని దాని నుంచి ఖర్చున్న దానికి సాగాలి. ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. ప్లగ్గు మార్చి, ఫిల్టరు మార్చి, పెట్రోలు కూడా మార్చాక బండి స్టార్టయితే అసలు కారణం ఏదో తెలియదు. అదే జబ్బు మళ్లీ వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది. కింద ఇచ్చిన అంకెలు చాలా బండ్లకు వర్తించేవే అయినా, మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దానినే పాటించాలి.

స్టార్టు కాని బండి

సెల్ఫ్ నొక్కినా బండి పలకకపోతే ముందుగా చూడవలసినవి చేతికి అందేవే. హ్యాండిల్ మీద ఇంజనును ఆపే కిల్ స్విచ్ ఆన్‌లో ఉందా, సైడ్ స్టాండు పూర్తిగా పైకి లేచిందా, న్యూట్రల్ లైటు వెలుగుతోందా, ట్యాంకులో పెట్రోలు ఉందా అని చూడాలి. ఇవి మరీ చిన్న విషయాలుగా అనిపించవచ్చు గానీ, పడిన బండిని లేపేటప్పుడు చేయి తగిలి కిల్ స్విచ్ ఆఫ్ కావడం చాలా మామూలు. సైడ్ స్టాండు స్విచ్‌లో రేగడి ఇరుక్కుంటే, స్టాండు పైకి లేచినా కిందే ఉన్నట్టు స్విచ్ చెబుతుంది. న్యూట్రల్‌లో నడుస్తున్న ఇంజను గేరు వేయగానే ఆగిపోవడం దీని గుర్తు. ఆ స్విచ్ చుట్టూ నీళ్లు పోసి కడిగి, స్టాండును కొన్నిసార్లు కిందికీ పైకీ ఆడిస్తే చాలాసార్లు అక్కడితో సమస్య తీరిపోతుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక తయారైన బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే ఉంటుంది. వీటిలో చాలావాటికి, బండి పక్కకు ఒరిగితే ఇంజనును ఆపివేసే సెన్సార్ కూడా ఉంటుంది. పడిన బండిని నిలబెట్టి వెంటనే సెల్ఫ్ కొడితే స్టార్టు కాదు. తాళం ఆఫ్ చేసి, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేయాలి. తాళం తిప్పగానే ట్యాంకు వైపు నుంచి రెండు మూడు సెకన్లపాటు సన్నగా గుయ్‌మనే శబ్దం వినిపించాలి. అది పెట్రోలు పంపు శబ్దం. అది రాకపోతే పంపు పోయిందని తేల్చే ముందు ఫ్యూజు చూడాలి, ఆ తర్వాత పంపుకు వెళ్లే కనెక్టరును విప్పి, తుడిచి మళ్లీ బిగించాలి.

సెల్ఫ్ టక్‌టక్‌మని ఆగిపోతుంటే అనుమానం బ్యాటరీ మీదకు వెళ్లాలి. అయితే ఆఫ్‌రోడ్ బండిలో బ్యాటరీ కంటే ముందు దాని టెర్మినల్ బోల్టులు వదులవుతాయి. వాటిని బిగించి చూశాక కూడా మార్పు లేకపోతే మల్టీమీటరు పెట్టాలి. కదలకుండా ఉన్న బండిలో నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2 అంటే సుమారు సగం చార్జి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.5 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ బలహీనమైందని అర్థం. ఇంజను నడుస్తుండగా, నాలుగైదు వేల ఆర్‌పీఎమ్ దగ్గర 13.5 నుంచి 14.8 వోల్టుల మధ్య ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే చార్జింగ్ జరగడం లేదు. 15 దాటితే చార్జింగును అదుపుచేసే రెక్టిఫయర్ పాడైంది, అది కొత్త బ్యాటరీని కూడా తినేస్తుంది. ఈ ఒక్క పరీక్ష చేయించకుండా బ్యాటరీ మార్చుకుని, నెల తిరక్కుండా మళ్లీ బ్యాటరీ కొనేవారు తక్కువేమీ కాదు.

ఇంజను చక్కగా తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదనుకుంటే ప్లగ్గు తీయాలి. తీసే ముందు దాని చుట్టూ ఉన్న మట్టిని గాలితో గానీ బ్రష్‌తో గానీ పూర్తిగా తొలగించాలి, లేకపోతే ఆ ఇసుక నేరుగా సిలిండరులోకి పడుతుంది. ప్లగ్గును క్యాప్‌కు తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజనుకు ఆనించి సెల్ఫ్ కొడితే నీలి రంగు నిప్పురవ్వ స్పష్టంగా కనిపించాలి. ప్లగ్గు రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది కనుక ఆ రంధ్రానికి దూరంగా ఆనించాలి. ఇంజెక్షన్ బండిలో ఇంజెక్టర్ కనెక్టరును ముందే విప్పి పెట్టడం ఇంకా క్షేమం.

నిప్పురవ్వ ఉన్నా లేకున్నా ఆ ప్లగ్గు రంగు చూడకుండా పక్కన పెట్టకూడదు. లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగా ఉంది. పొడి నల్ల మసి పట్టి ఉంటే గాలి తక్కువై పెట్రోలు ఎక్కువవుతోంది, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు. జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజను ఆయిల్ లోపలికి వస్తోంది. సున్నం పూసినంత తెల్లగా ఉంటే గాలి ఎక్కువై గానీ మరో కారణంతో గానీ ఇంజను అతిగా వేడెక్కుతోంది. తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే, పడినప్పుడో పదేపదే సెల్ఫ్ కొట్టినప్పుడో పెట్రోలు మరీ ఎక్కువై నిలిచిపోయింది. ప్లగ్గు తుడిచి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు సెకన్లు సెల్ఫ్ కొడితే ఆ అదనపు పెట్రోలు బయటికి పోతుంది. ఎంత సెల్ఫ్ కొట్టినా ప్లగ్గు పొడిగానే ఉంటే, పెట్రోలు అసలు అక్కడికి చేరడమే లేదు.

హీరో ఇంపల్స్ వంటి పాత కార్బురేటర్ బండ్లకు ఈ చివరి జబ్బు ఎక్కువ. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా బండిని కదపకుండా ఉంచితే ఆ తేమ చివరికి నీరుగా విడిపోయి కార్బురేటర్ గిన్నె అడుగున చేరుతుంది. గిన్నె కింద ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, వచ్చిన పెట్రోలును పారదర్శకమైన సీసాలో పట్టి చూస్తే అడుగున నీటి బొట్లు వేరుగా కదులుతూ కనిపిస్తాయి. పెట్రోలు అసలు రాకపోతే ట్యాంకు మూత తెరిచి చూడాలి. మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు, మూత తెరవగానే బండి బాగుపడుతుంది. స్టార్టు చేస్తే పలికి, ఐడిలింగ్‌లో బాగానే ఉండి, యాక్సిలరేటర్ తిప్పగానే చచ్చిపోయే బండిలో, కార్బురేటర్ లోపల పెట్రోలు వచ్చే సన్న రంధ్రపు ముక్క, అంటే జెట్టు, మూసుకుపోయి ఉంటుంది. జెట్టును తీగతో గుచ్చకూడదు, ఆ రంధ్రం కొలత మారిపోతుంది. కార్బురేటర్ క్లీనర్ కొట్టి గాలి పట్టించాలి.

ఎయిర్ ఫిల్టర్

వేసవిలో దుమ్ము బాటల మీద గుంపుగా వెళ్లినప్పుడు ముందు బండి లేపిన దుమ్మంతా వెనుక బండి పీలుస్తుంది. పికప్ తగ్గడం, మైలేజీ పడిపోవడం, సైలెన్సర్ నుంచి నల్ల పొగ రావడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే ముందు ఫిల్టర్ తెరవాలి. ఫోమ్ ఫిల్టర్ అయితే ఫిల్టర్ క్లీనర్‌లో గానీ కిరోసిన్‌లో గానీ ముంచి పిసికి, ఆ తర్వాత గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, మెలిపెట్టకుండా అరచేతుల మధ్య నొక్కి నీరు పిండాలి. పూర్తిగా ఆరాకే ఫిల్టర్ ఆయిల్ పట్టించి, అదనపు ఆయిల్ పిండివేయాలి. పెట్రోలుతో కడిగితే ఫోమ్ అతుకులు విడిపోతాయి, మంటల ప్రమాదమూ ఉంది. ఫిల్టర్ ఆనే అంచుకు సన్నగా గ్రీజు రాస్తే పక్క నుంచి దుమ్ము దూరదు.

కాగితపు ఫిల్టర్‌ను ఉతకకూడదు. అందులోనూ నూనె పట్టించి వచ్చే రకానికి గాలి కొట్టడం కూడా పనికిరాదు, మార్చడమొక్కటే మార్గం. పంచర్ షాపులో గాలి గొట్టం పెట్టి ఎదురుగా కొట్టించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఆ ఒత్తిడికి కాగితంలో కంటికి కనిపించని చిరుగులు పడతాయి, అక్కడి నుంచి వెళ్లే దుమ్ము పిస్టన్ రింగులను అరగదీస్తుంది. ఫిల్టర్ ధర రింగుల పని ధరలో చిన్న భాగం కూడా కాదు. ఫిల్టర్ పెట్టె అడుగున వేలాడే చిన్న రబ్బరు గొట్టంలో నీరు గానీ ఆయిల్ గానీ నిలిచి ఉంటే, దాని చివరి మూత తీసి వంపేసి మళ్లీ మూత పెట్టాలి.

నీట మునిగిన బండి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు వీధులకు వీధులు మునిగినప్పుడు వేల బండ్లు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. వాగు దాటబోయి మునిగిన బండికీ, వరదలో మునిగిన బండికీ మొదటి నియమం ఒకటే: ఎట్టి పరిస్థితిలోనూ వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కడం సాధ్యం కాదు. సిలిండరులో నీరు ఉండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆపైన ఇంజను పూర్తిగా విప్పవలసిందే. పక్కన నిలబడ్డవారు "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడండి, స్టార్టయితే అయిపోయె" అంటూనే ఉంటారు. వారి మాట వినకూడదు.

బండిని గట్టు మీదకు తోసి, తాళం ఆఫ్ చేసి, వీలైతే బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. ఫిల్టర్ పెట్టె తెరిచి నీరు తీసివేయాలి, తడిసిన కాగితపు ఫిల్టర్‌ను పక్కన పడేయాలి. ప్లగ్గు విప్పి, కిక్ ఉంటే చేత్తో మెల్లగా కిక్ నొక్కాలి. కిక్ లేని బండిని పెద్ద గేరులో వేసి మెయిన్ స్టాండు మీద వెనుక చక్రాన్ని చేత్తో తిప్పాలి. ప్లగ్గు రంధ్రం నుంచి నీరు చిమ్ముతుంది, కనుక ముఖం అడ్డుపెట్టకూడదు. నీరు రావడం ఆగేదాకా తిప్పాలి. సైలెన్సర్‌లో నీరు నిలిస్తే ముందు చక్రాన్ని ఎత్తి సైలెన్సర్ వెనుక నుంచి వంపాలి.

ఆ తర్వాత ఇంజను ఆయిల్ చూడాలి. గాజు కిటికీలో ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే నీరు చేరిందని అర్థం, ఆ ఆయిల్‌తో ఇంజనును ఒక్క నిమిషం కూడా నడపకూడదు. దాన్ని వంపేసి, చవక ఆయిల్ పోసి, ఐడిలింగ్‌లో రెండు మూడు నిమిషాలు నడిపి, దాన్ని కూడా వంపాలి. రంగు ఇంకా మారుతుంటే మరోసారి అదే పని చేయాలి; చివరగా అసలు ఆయిల్, కొత్త ఆయిల్ ఫిల్టర్. వరద నీటిలో సన్నటి ఒండ్రు ఉంటుంది కనుక ఇంజను బాగుపడ్డా పని పూర్తయినట్టు కాదు. చక్రాల బేరింగులు, హ్యాండిల్ కింద ఉండే కోన్ సెట్, వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, బ్రేకు ప్యాడ్లను నొక్కే క్యాలిపర్లు విప్పి కడిగి గ్రీజు పెట్టకపోతే, నెలా రెండు నెలల్లో అవి ఒక్కొక్కటిగా కిర్రుమనడం మొదలుపెడతాయి. ఇంజనును నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) కనెక్టర్లను విప్పి నీడలో ఆరనివ్వాలి. త్వరగా ఆరుతుందని హీటర్ గాలి దగ్గరగా పట్టడం వల్ల ప్లాస్టిక్ వంగుతుంది.

క్లచ్

క్లచ్ జబ్బులు రెండే, అవి ఒకదానికొకటి తలకిందులు. ఇంజను మోత పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. లివర్ పూర్తిగా నొక్కినా బండి ముందుకు లాగుతుంటే, న్యూట్రల్ పడకుండా మొరాయిస్తుంటే క్లచ్ విడవడం లేదు. రెండింటికీ ముందు చూడవలసింది లివర్ చివర ఖాళీ ఆట, అంటే కేబుల్ పట్టుకునే ముందు లివర్ ఊరికే కదిలే దూరం; అది సాధారణంగా 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. ఆట బొత్తిగా లేకపోతే లివర్ ఎప్పుడూ కొంత నొక్కినట్టే ఉండి ప్లేట్లు జారుతాయి. మరీ ఎక్కువైతే విడవవు. ఇసుకలో అరక్లచ్‌తో చాలాసేపు లాగాక ఆట మారిపోతుంది, అప్పుడు ప్లేట్లు పోయాయని తొందరపడకుండా బండిని చల్లారనిచ్చి మళ్లీ కొలవాలి.

ఆట సరిగా ఉన్నా జారుతుంటే, ఆ మధ్య ఆయిల్ ఏది పోశారో అడగాలి. బండి క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కనుక డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న ఆయిలే పోయాలి. కారు ఆయిల్, స్కూటర్లకు వచ్చే ఎంబీ రకం ఆయిల్ జారుడుగుణం ఎక్కువగా ఉన్నవి, వాటితో కొత్త ప్లేట్లు కూడా జారుతాయి. కేబుల్ తెగేది చాలావరకు లివర్ దగ్గర గుండు అతికిన చోటే. అక్కడ ఒక్క పోగు లేచినా మార్చేయాలి. కొత్త కేబుల్‌ను పాతదాని పక్కనే, అదే దారిలో టేపుతో కట్టి ఉంచుకుంటే అడవి బాటలో తెగినప్పుడు రెండు చివరలూ తగిలించడమే మిగులుతుంది.

చైన్, స్ప్రాకెట్, రేగడి

ఈ ప్రాంతంలో వానాకాలం నడిపేవారికి అన్నిటికంటే ఎక్కువ చికాకు పెట్టేది ఇదే. తడి రేగడి ముందు స్ప్రాకెట్ కవరు లోపల పొర మీద పొరగా అణుగుతుంది. కాసేపటికి చైన్‌కూ కవరుకూ మధ్య ఖాళీ అంతా నిండిపోయి, చైన్ తీగలా బిగుసుకుపోతుంది. క్లచ్ నొక్కి తోసినా బండి కదలదు, బేరింగు సీజయిందేమోనని భయం వేస్తుంది. కవరు బోల్టులు విప్పి చూస్తే లోపల స్ప్రాకెట్ పళ్ల ఆకారం అచ్చు పడిన మట్టి ముద్ద ఉంటుంది. తడిగా ఉన్నప్పుడే దాన్ని పుల్లతో గీకేస్తే వచ్చేస్తుంది, ఎండకు ఆరాక స్క్రూడ్రైవర్‌తో పగలగొట్టవలసి వస్తుంది. అప్పుడు ఇంజను నుంచి వచ్చే ఇరుసు దగ్గరి ఆయిల్ సీల్‌కు మొన తగలకుండా చూసుకోవాలి. చక్రానికి దగ్గరగా ఉండే మడ్‌గార్డు ఉన్న బండ్లకు ముందు చక్రం కూడా ఇలాగే బిగుసుకుంటుంది. రేగడి కాలంలో ఆ మడ్‌గార్డును విప్పి ఇంట్లో పెట్టడం మంచిది.

చైన్ వదులును కింది వరుస మధ్యలో, స్వింగ్ ఆర్మ్ మీద స్టిక్కరు చెప్పిన పద్ధతిలో కొలవాలి. సస్పెన్షన్ పొడవుగా ఉండే ఆఫ్‌రోడ్ బండ్లకు రోడ్డు బండ్ల కంటే ఎక్కువ వదులు కావాలి; ఎందుకంటే వెనుక చక్రం పైకి లేచి, ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ బోల్టు, వెనుక ఇరుసు ఒకే గీత మీదకు వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. రోడ్డు బండిలా బిగిస్తే గుంతలో దిగిన ప్రతిసారీ ఇంజను ఇరుసు బేరింగు మీద దెబ్బ పడుతుంది. సరిచేశాక వెనుక ఒకరిని కూర్చోబెట్టి, బండి అణిగినప్పుడు కూడా చైన్ కాస్త ఆడుతోందా అని చూస్తే సందేహం తీరుతుంది. చక్రం తిన్నగా ఉందో లేదో స్వింగ్ ఆర్మ్ గీతలను మాత్రమే నమ్మి తేల్చకూడదు. స్వింగ్ ఆర్మ్ బోల్టు మధ్య నుంచి వెనుక ఇరుసు మధ్య వరకు రెండు వైపులా టేపుతో కొలవాలి.

వెనుక స్ప్రాకెట్ వెనుక అంచు దగ్గర చైన్‌ను వేళ్లతో లాగితే పన్ను సగం బయటపడుతోందంటే చైన్ సాగిపోయింది. అప్పుడు చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్‌గా మార్చాలి. పాత పళ్ల మీద కొత్త చైన్ త్వరగా సాగిపోతుంది. లింకుల మధ్య రబ్బరు వలయాలుండే ఓ-రింగ్ చైన్‌ను కిరోసిన్‌తో, మెత్తటి బ్రష్‌తో కడగాలి, ఇనుప బ్రష్, పెట్రోలు రెండూ రబ్బరును తినేస్తాయి. కడిగి ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ సన్నగా రాసి తుడిచేయాలి. ఇసుకలోకి వెళ్లే ముందు మాత్రం చైన్ దాదాపు పొడిగా ఉండటమే మేలు, ఎందుకంటే జిడ్డుకు ఇసుక అంటుకుని ఆకురాయిలా పనిచేస్తుంది. అతుకు లింకు వేసేటప్పుడు క్లిప్పు మూసిన వైపు చైన్ పరుగెత్తే దిశకు ఉండాలి.

చక్రాలు, ట్యూబులు

పుల్లల చక్రాన్ని పరీక్షించడానికి స్పానర్ పిడితో ఒక్కో పుల్లను తట్టడం చాలు. బిగుతుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. వదులైన దాన్ని ఒక్కసారిగా బిగించకుండా పావు చుట్టు చొప్పున బిగిస్తూ, చక్రం తిప్పి, రిమ్ పక్కకు ఊగుతోందేమో చూస్తూ వెళ్లాలి. రాళ్ల బాటలో దెబ్బ తగిలి రిమ్ బాగా వంగితే రోడ్డు పక్కన సుత్తితో కొట్టకుండా ఇంటికి మెల్లగా చేరుకోవాలి.

మన దగ్గర ట్యూబుకు పెద్ద శత్రువు తుమ్మ ముల్లు. ట్యూబులో ఒకే సన్న రంధ్రం ఉంటే ముల్లు. పక్కపక్కనే రెండు చీలికలుంటే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగింది, అంటే గాలి మరీ తక్కువ పెట్టారు. ఇసుకలో గాలి తగ్గించడం సరైనదే, 18–20 పీఎస్‌ఐ చాలామందికి సరిపోతుంది, అయితే రాళ్ల బాట ఎక్కే ముందు మళ్లీ కొట్టుకోవాలి. వాల్వు రంధ్రంలో పక్కకు వాలి కనిపిస్తే టైరు రిమ్ మీద జారుతోంది. అలాగే వదిలేస్తే వాల్వు తెగి, ఆ ట్యూబు అతుక్కి కూడా పనికిరాదు. అందుకే వాల్వు నట్టును రిమ్‌కు బిగించకుండా పైన క్యాప్ దగ్గరే ఉంచుకుంటే ఆ వాలు ముందే కనిపిస్తుంది.

టైరు విప్పేటప్పుడు బలం కంటే వరస ముఖ్యం. గాలి మొత్తం తీసి, రెండు వైపులా అంచు రిమ్ నుంచి విడేలా తొక్కి, సబ్బునీరు రాసి, లివర్ పెట్టే చోటికి ఎదురు వైపు అంచును రిమ్ మధ్య గాడిలోకి మోకాలితో నొక్కి ఉంచితే లివర్ తేలిగ్గా లేస్తుంది. ట్యూబు బయటికి తీశాక టైరు లోపలంతా వేళ్లు మెల్లగా జరుపుతూ ముల్లు మొన ఇంకా ఉందేమో వెతకాలి. ఇది మానేసినవారు అతుకేసిన ట్యూబును మళ్లీ అదే ముల్లుకు గుచ్చుతారు. సొల్యూషన్ రాసిన వెంటనే ప్యాచ్ వేయకూడదు, వేలు పెడితే అంటుకోని స్థితికి ఆరాక వేయాలి. రెండు ట్యూబులు మోయలేనివారు ముందు చక్రపు 21 అంగుళాల ట్యూబు ఒక్కటి తీసుకెళ్లాలి. అవసరమైతే దాన్నే మడతపడకుండా వెనుక 18 అంగుళాల చక్రంలో పెట్టి మెల్లగా ఇల్లు చేరుకోవచ్చు.

బ్రేకులు, ఫోర్కు, వేడి

బ్రేకు లివర్ మెత్తగా లోపలికి పోతుంటే గొట్టంలో గాలి చేరింది లేదా ద్రవం నీరు పీల్చుకుంది. డాట్ 4 ద్రవం తేమను పీల్చే గుణం ఉన్నదే కనుక రెండేళ్లకొకసారి మార్చాలి. ఇసుక తడి కలిసిన రోజున ప్యాడ్లు వింతగా త్వరగా అరుగుతాయి, ప్రయాణం తర్వాత తప్పక చూడాలి. ఒక మిల్లీమీటరు మిగిలితే మార్చేయాలి. బ్రేకు, క్లచ్ లివర్ల బిగింపు బోల్టులను అతిగా బిగించకుండా, గట్టిగా తోస్తే తిరిగేంత బిగువుతో ఉంచితే పడినప్పుడు లివర్ విరగకుండా పక్కకు తిరుగుతుంది.

ఫోర్కు మీద ఆయిల్ కారుతుంటే సీల్ చిరిగిందని వెంటనే అనుకోనవసరం లేదు. బయటి దుమ్ము సీల్‌ను దాని చోటు నుంచి జరిపి, కూల్‌డ్రింక్ సీసా ప్లాస్టిక్‌ను సన్నగా పట్టీలా కోసి, చివర కొక్కెం ఆకారం చేసి, ఆయిల్ సీల్ పెదవి కింద దూర్చి చుట్టూ తిప్పితే ఇరుక్కున్న ఇసుక రేణువు బయటికి వస్తుంది. చాలా సీళ్లు దీనితోనే ఊరుకుంటాయి. పడ్డాక హ్యాండిల్ ఒక వైపు, చక్రం ఇంకో వైపు చూస్తుంటే ఫోర్కు క్లాంపు బోల్టులు, ముందు ఇరుసు వదులు చేసి, చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి సరిచేసి మళ్లీ బిగించాలి.

మే నెల ఎండలో ఇసుకలో మెల్లగా లాగే బండి వేడెక్కడం సహజం. నీటితో చల్లారే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 వంటి బండ్లలో రేడియేటర్ రెక్కల మధ్య మట్టిని నెమ్మదిగా నీళ్లు పోసి కడగాలి. వాషింగ్ సెంటర్ పైపును దగ్గరగా పెడితే ఆ రెక్కలు మడతపడిపోతాయి. వేడిగా ఉండగా మూత విప్పకూడదు. కూలంట్‌లో బోరు నీరు కలపకూడదు, లోపల సున్నపు గార కడుతుంది.

వైరింగు, కేసింగు

హ్యాండిల్ ఒక వైపు తిప్పగానే ఇంజను ఆగిపోతే, మెడ దగ్గర వైరు లోపల తెగింది; అక్కడ టేపు విప్పి ఒక్కొక్క వైరును మెల్లగా లాగి చూస్తే తెగినది రబ్బరులా సాగుతుంది. ఫ్యూజు పోతే అదే రేటింగుది వేయాలి, రేకు ముక్క వేస్తే తర్వాత కాలేది వైరింగు మొత్తం.

రాయి తగిలి ఇంజను కేసింగు పగిలి ఆయిల్ కారుతుంటే, బండిని పగులు పైకి వచ్చేలా రెండో వైపు పడుకోబెట్టి, ఆ చోటును పెట్రోలుతో జిడ్డు లేకుండా తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, ఎం-సీల్ వంటి రెండు ముద్దల లప్పాన్ని బాగా పిసికి అద్దాలి. అది గట్టిపడేదాకా ఆగి, ఆయిల్ మట్టం చూసి, మెల్లగా ఇల్లు చేరాక అసలు పని చేయించుకోవాలి. ఆయిల్ డ్రెయిన్ బోల్టు ఎంత బిగించినా తిరుగుతూనే ఉంటే అల్యూమినియంలోని మర పోయింది. టేపు చుట్టి, లప్పం పెట్టి సరిపెట్టకూడదు. విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఆటోనగర్ లేత్ షాపుల్లో పాత మరను తొలిచి ఉక్కు తీగ మర వేస్తారు. అక్కడికి వెళ్లేటప్పుడు పాత బోల్టును వెంట తీసుకెళ్లాలి, పని అయ్యాక ఆ రంధ్రం నుంచి లోహపు రజను లోపల పడలేదని రూఢి చేసుకోవడానికి అర లీటరు చవక ఆయిల్ పోసి వంపించి, ఆ తర్వాతే కొత్త రాగి వాషర్ వేసి మాన్యువల్ చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించాలి.